పాత కొట్టాన్ని పడగొట్టకుండా నిలబెట్టిన వెల్డింగ్ మేస్త్రీ

మాది అనంతపురం జిల్లా తాడిపత్రి వైపు పల్లె. రెండు ఎనుములు (గేదెలు), ఒక ఆవు, పాతిక దాకా గొర్రెలు మా సంసారం. మే నెల గాలివానకు పశువుల కొట్టం రేకులు సగం లేచిపోయాయి, మిగిలినవి పగిలాయి. రిపేరుకు ఎవరిని పిలిచినా ఒకటే మాట: "ఇది పనికిరాదు, తీసేసి కొత్త షెడ్డు వేసుకోండి." ఒక షాపువాళ్లు కొలతలు కూడా తీసుకోకుండా లక్షన్నర చెప్పారు. ఉపాధి హామీలో గోకులం షెడ్డుకు పెట్టుకోమన్నారు ఇంకొందరు. పశువులకైతే 90 శాతం, గొర్రెలకైతే 70 శాతం సబ్సిడీ అని అప్పుడు చెప్పారు, ఏ నీడా లేనివాళ్లు ఇప్పుడు ఎట్లా ఉందో తప్పకుండా అడగండి. కానీ అది కొత్తగా కట్టుకునేవాళ్లకు. మా మామ కాలంలో పాతిన రాతి కూసాలు (స్తంభాలు) మాకున్నాయి. వాటిని పీకడానికి నాకు మనసు రాలేదు.

చివరికి మా చెల్లెలు వాళ్ల ఊరి నుంచి ఒక వెల్డింగ్ మేస్త్రీ వచ్చాడు. వచ్చీ రాగానే పైకి చూడలేదు. ఒక్కో కూసాన్ని రెండు చేతులతో ఊపి చూశాడు, మొదట్లో మట్టి తవ్వి చూశాడు. "అక్కా, ఒక్కటి కూడా కదల్లేదు. వీటిని పీకితే మళ్లీ ఇట్లాంటివి తేలేరు. పైకప్పు, నేల మారుద్దాం, చాలు" అన్నాడు. నాకు ఆ మాటతోనే సగం టెన్షన్ పోయింది.

కూసాల తలలకు ఇనుప పట్టీలు బిగించి వాటి మీద పైపులు వెల్డింగ్ చేశారు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. అందుకని వాటిని పగలగొట్టకుండా నీళ్లు చల్లి మెల్లగా దించారు. పక్కనే చెనక్కట్టె (వేరుశనగ కట్టె) వామి ఉంది కదా, నిప్పురవ్వ పడితే ఏడాది మేత బూడిదే. నేను అడగకముందే గోతాం సంచులు తడిపి వామి మీద పరిచాడు.

రేకులు వేసిన తీరు చూసి తీరాలి. స్క్రూ ఎప్పుడూ రేకు మిట్ట మీదే పడాలి, పల్లంలో పడితే వాన నీళ్లన్నీ ఆ రంధ్రంలోకే దిగుతాయి. రబ్బరు వాషరు రేకుకు అతుక్కునేంత వరకే బిగించాలి, ఇంకా తిప్పితే అది చితికి రెండు ఎండాకాలాలకే పగులుతుంది. పని నేర్చుకుంటున్న పిల్లోడు ఒక వరుస గట్టిగా బిగిస్తే మేస్త్రీ అన్నీ విప్పించి వాషర్లు మార్పించాడు. ఆషాఢంలో మాకు పడమటి గాలి ఎట్లా కొడుతుందో ఈ జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే. అందుకే తూర్పు వైపు నుంచి మొదలుపెట్టి, పడమటి రేకు అంచు తూర్పు రేకు మీదికి వచ్చేట్టు వేసుకుంటూ పోయారు. గాలికి అతుకు నోరు తెరుచుకోదు. పడమటి చూరుకు స్క్రూలు ఇంకో వరుస ఎక్కువ వేశారు.

నేల పని కూడా నచ్చింది. ఇదివరకు ఉచ్చ అక్కడే నిలిచి ఎనుముల గిట్టలు మెత్తబడి పుండ్లు పడేవి. బండలన్నీ లేపి, నీళ్ల ట్యూబుతో మట్టం చూసి, పదడుగులకు మూడు అంగుళాల వాలు పెట్టి మళ్లీ పరిచారు. నునుపు బండ మీద చూడి ఎనుము జారితే ఇంక లేవదు. మా భయం అదే. చెబితే, తిరగలికి కక్కు కొట్టినట్టు బండల మీద ఉలితో గాట్లు కొట్టించాడు. ఇప్పుడు కాలు నిలుస్తోంది. ఉచ్చ కాలువలోకి పోయి, అక్కడి నుంచి దిబ్బలోకి పోతోంది.

ఇక నచ్చనివి. చెప్పిన రోజుకు రారు. ఆవును వేపచెట్టు కింద కట్టేసుకుని ఎదురుచూడటం, మబ్బు పట్టినప్పుడల్లా గుండె దడ. అంతకంటే పెద్ద తప్పు, మొదటి రోజు సాయంత్రం తీగ ముక్కలు, స్క్రూలు మేత తొట్టి దగ్గరే వదిలేసి పోయారు. పశువు మేతను నాలుకతో చుట్టి మింగేస్తుంది, ఏరుకుని తినదు. తీగ ముక్క పొట్టలోకి పోతే అక్కడి నుంచి గుచ్చుకుని గుండె దాకా పోవచ్చు, పశువు చచ్చిపోవచ్చు. నేను గట్టిగానే అరిచాను. మరుసటి రోజు నుంచి మేస్త్రీ పెద్ద అయస్కాంతం తాడుకు కట్టి, పని అయ్యాక నేలంతా తానే ఈడ్చాడు. దానికి ఎన్ని ముక్కలు అంటుకున్నాయో చూస్తే ఒళ్లు జలదరించింది. మీరు ఎవరితో చేయించుకున్నా ఈ షరతు ముందే పెట్టండి.

రేకు కింద ఎండకు వేడి ఉంటుంది, అది ఆయన ముందే చెప్పాడు. పైన తెల్ల సున్నం కొట్టి, లోపల కంది కట్టె పరిపించాను. మధ్యాహ్నం పశువులు రొప్పడం తగ్గింది.

సామానుతో కలిపి 52,000 అయింది. సామాను కొన్న రసీదులన్నీ చేతికిచ్చాడు గానీ, కూలీ లెక్క మాత్రం నోటిమాటే. కాగితం మీద రాయించుకోండి. గొర్రెల రొప్పం (దొడ్డి) గేటు గడియ ఇంకా బాకీ ఉంది, ఇప్పటికి తాడుతో కట్టుకుంటున్నాం. రాత్రి కుక్కల భయం ఉన్నచోట అది ఆలస్యం చేయాల్సిన పని కాదు. ఆ ఒక్కదానికి అర చుక్క (స్టార్) తగ్గించి, ఐదుకు నాలుగున్నర ఇస్తున్నా. గడియ పెట్టిన రోజు ఐదు చేస్తా.