పిడి చివరి చిన్న వాక్యం: టోకై స్ప్రింగీ సౌండ్ ఎస్‌టీ-60తో పద్నాలుగేళ్లు

వేదిక కింద నుంచి నా గిటారును చూసినవారు చాలామంది దానిని అమెరికా సంస్థ ఫెండర్ చేసే ప్రసిద్ధ ఎలక్ట్రిక్ గిటారు స్ట్రాటోకాస్టర్ అనే అనుకుంటారు. పిడి చివరన, తీగలు చుట్టుకునే మరలుండే చెక్క మీద, సన్నటి బంగారు రంగు అక్షరాలు నల్లని అంచుతో వంపులు తిరిగి కనిపిస్తాయి. అందులో మొదటి అక్షరమైన టీ పై గీతను ఎంత నేర్పుగా వంచారంటే, అది నాలుగడుగుల దూరానికి ఫెండర్ పేరులోని ఎఫ్ లాగే ఉంటుంది. దగ్గరికి వచ్చి చదివితే టోకై అని, ఒక జపాన్ సంస్థ పేరు ఉంటుంది. స్ట్రాటోకాస్టర్ అనే మాట ఉండవలసిన చోట స్ప్రింగీ సౌండ్ అని ఉంటుంది. ఈ గిటారును పద్నాలుగేళ్లు వాయించిన తరువాత, దాని ధ్వనితో పాటు ఆ అక్షరాల గురించి కూడా రాయకపోతే సమీక్ష సగమే అవుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఉద్యోగరీత్యా జపాన్‌లోని హమమత్సులో ఉన్న రోజుల్లో, 2010 వేసవిలో, పాత వాద్యాలు అమ్మే ఒక చిన్న దుకాణంలో దీనిని కొన్నాను. యమహా, కవాయి సంస్థలు పుట్టిన ఆ ఊరిలోనే 1947లో టోకై గక్కి కూడా మొదలైంది, కాబట్టి ఒక విధంగా దీనిని పుట్టింట్లోనే కొన్నట్టయింది. పిడిని ఒంటికి బిగించే లోహపు పలక మీద ఏడంకెల వరుస సంఖ్య ఉంది. అది సున్నాతో మొదలవుతుంది, అంటే 1980లో తయారైనది. మోడల్ పేరులోని 60 అనే అంకె తొలినాటి ధరను చెబుతుంది, అరవై వేల యెన్లు. ఎస్‌టీ-50 అంటే యాభై వేలు, ఎస్‌టీ-80 అంటే ఎనభై వేలు. ఆ కాలపు జపాన్ కేటలాగులలో ఇది టోకై ఒక్కరి పద్ధతి కాదు, కందా షోకాయ్ సంస్థ గ్రెకో పేరుతో అమ్మిన ఈజీ-500 కూడా యాభై వేల యెన్ల గిటారే. ధరనే పేరుగా పెట్టి, ఒక మెట్టు పైకి వెళితే ఏమి దొరుకుతుందో కొనేవాడు తానే పోల్చి చూసుకునేటట్టు చేయడం నాకు ఎంతో నిజాయితీగల ప్రకటనగా తోస్తుంది.

అయితే అసలైన ప్రకటన కేటలాగులో కాదు, గిటారు మీదే ఉంది. పేరు పక్కన, కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే తప్ప చదవలేనంత చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో ఒక వాక్యం ముద్రించారు: దిస్ ఈజ్ ది ఎగ్జాక్ట్ రెప్లికా ఆఫ్ ది గుడ్ ఓల్డ్ స్ట్రాట్. ఇది ఆ మంచి పాత స్ట్రాట్‌కు, అంటే స్ట్రాటోకాస్టర్‌కు, అచ్చమైన ప్రతిరూపం అని దాని అర్థం. మొదట్లో నేను దీనిని కేవలం అమాయకపు ఒప్పుకోలు అనుకున్నాను. కొన్నేళ్లకు గానీ అందులోని 'పాత' అనే మాటకు ఎంత బరువుందో తెలిసిరాలేదు.

స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. దాదాపు పదేళ్లు దాని మీద ఉన్నది సేమియా పోగుల్లాంటి సన్నటి అక్షరాల లోగో. సేకర్తలు దానిని స్పఘెట్టి లోగో అంటారు. 1964 ప్రాంతంలో దాని స్థానంలో మందమైన బంగారు అక్షరాలు వచ్చాయి. 1965 జనవరిలో అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ ఫెండర్‌ను కొనుగోలు చేసింది, ఆ ఏడాది చివరికి పిడి చివరి చెక్క పెద్దదైంది, 1960ల చివరికి లోగో నల్లగా, మరింత దిట్టంగా మారింది. 1971లో పిడిని బిగించే నాలుగు మరలు మూడయ్యాయి. అంటే 1980లో కొత్త ఫెండర్ కొన్నవాడికి దొరికేది పెద్ద తల, నల్ల అక్షరాలు, మూడు మరల స్ట్రాట్. అదే సంవత్సరం టోకై అమ్మినది చిన్న తల, సన్న అక్షరాలు, నాలుగు మరల స్ట్రాట్. టోకై వారు ఆనాటి ఫెండర్‌ను అనుకరించలేదు, ఫెండర్ తానే వదిలేసిన ఫెండర్‌ను అనుకరించారు. మంచి పాత స్ట్రాట్ అన్నప్పుడు, ఇప్పటిది అంత మంచిది కాదన్న మాట చెప్పకుండానే వినిపిస్తుంది. ఆ సన్న అక్షరాల లోగో వారి వాదనకు సాక్ష్యం.

అక్షరం చదవకముందే దాని వంపు మనసులో ఒక పేరును పలికిస్తుందన్న సంగతి తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. బాపు రాతను పోలిన అక్షరాలతో రాసిన పెళ్లి శుభలేఖనో దుకాణపు బోర్డునో చూసినప్పుడు, అందులో ఏమి రాసి ఉందో చూడకముందే మనకు బాపు గుర్తుకు వస్తారు. టోకై అక్షరాలు పని చేసేది సరిగ్గా అలాగే.

ఇక వాయింపు సంగతి. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లలో పిడివైపుది నాకు అత్యంత ఇష్టమైనది. వాల్యూమ్ కాస్త తగ్గించి వేలి కొసతో మీటితే గుండ్రంగా, నీటి చుక్క పడినట్టు పలుకుతుంది. వంతెనవైపు పికప్ మాత్రం కొంచెం కీచుగా ఉంటుంది. పాత పద్ధతి వైరింగ్‌లో దానికి టోన్ నాబ్ కలిపి ఉండదు కాబట్టి, నాలుగో ఏట ఒక వైరును సోల్డర్ చేయించి రెండో నాబ్‌కు కలిపించాను, అప్పటినుంచి ఇబ్బంది లేదు. పిడి మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, అంటే ఫ్రెట్లు, ఇరవై ఒకటి. ఫ్రెట్‌బోర్డు పాతకాలపు గుండ్రదనంతో ఉండటం వల్ల కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) పట్టడం చేతికి హాయిగా ఉంటుంది, పై ఫ్రెట్లలో తీగను బాగా లాగితే మాత్రం స్వరం మధ్యలో చచ్చిపోతుంది. మన పాటల్లో గమకం కోసం తీగను ఒకటిన్నర స్వరం దాకా లాగే నాలాంటివారికి ఇది నిజమైన లోపం. తీగల ఎత్తును కొంచెం పెంచుకుని సర్దుకున్నాను. తొమ్మిదో ఏట ఫ్రెట్లు అరిగి మార్పించవలసి వచ్చింది. ట్యూనింగ్ పెగ్‌లు మొదటివే. వంతెనను కుదిపే ట్రెమొలో చేతిని సున్నితంగా వాడితే శ్రుతి నిలుస్తుంది, మోటుగా వాడితే నిలవదు. వానాకాలపు తేమలో పిడి కొద్దిగా వంగుతుంది, పిడి లోపలి ఇనుప కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.

నాకు మిగిలిన బాధ ఒక్కటే. ఫ్రెట్లు మార్చడానికి ఇచ్చినప్పుడు, ఆ మరమ్మతు చేసిన చోట మంచి ఉద్దేశంతోనే పిడి చివర కూడా మెరుగు పెట్టారు. ఆ కాలపు లోగో పల్చటి పొర మీద ఉండే డికాల్, దాని మీద రాపిడి అసలు పనికిరాదు. గిటారు తిరిగి వచ్చేసరికి చిన్న వాక్యంలోని చివరి రెండు మాటలు దాదాపు చెరిగిపోయాయి. ముందే చెప్పకపోవడం నా తప్పు కూడా. పాత జపాన్ గిటారు ఉన్నవారు మరమ్మతుకు ఇచ్చేముందు ఆ భాగాన్ని ముట్టవద్దని కాగితం మీద రాసి ఇవ్వాలని నా మనవి.

ఆ వాక్యం టోకై గిటార్ల మీద ఎక్కువకాలం నిలవలేదు. తరువాత దాని స్థానంలో ఓల్డీస్ బట్ గోల్డీస్ అనే మాటలు వచ్చాయి. 1980ల మధ్యకు స్ప్రింగీ సౌండ్ పేరే పోయి గోల్డ్‌స్టార్ సౌండ్ అయింది. మరో అమెరికా సంస్థ గిబ్సన్ చేసే లెస్ పాల్‌ను పోలిన టోకై వారి మరో గిటారు 1978లో లెస్ పాల్ రీబార్న్ అన్న పేరుతో వచ్చి, రీబార్న్ ఓల్డ్ అయి, చివరికి లవ్ రాక్‌గా స్థిరపడింది. ఒక్కొక్క మార్పుతో అసలు పేరు కొంచెం కొంచెం వెనక్కి తగ్గింది. ఈ జాగ్రత్తకు కారణాలు ఉన్నాయి. 1977 జూన్‌లో గిబ్సన్ యజమాని నార్లిన్, జపాన్‌కే చెందిన ఐబనెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద పిడి చివరి ఆకృతి గురించి ఫిలడెల్ఫియాలో దావా వేసింది. ఐబనెజ్ అప్పటికే ఆ ఆకృతిని మార్చుకుంది, వ్యవహారం కోర్టు బయట రాజీతో ముగిసింది. ఆ కాలపు జపాన్ గిటార్లన్నిటినీ దావా గిటార్లని అమ్మడం ఈనాటి వాడుక, కానీ నా టోకై మీద ఏ దావా లేదు, ఆ మాట చెప్పి ధర పెంచేవారిని నమ్మకండి.

ఫెండర్ సమాధానం మరో దారిలో వచ్చింది. 1982లో కందా షోకాయ్, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను స్థాపించి, మత్సుమోతోలోని ఫుజిగెన్ కర్మాగారంలో తమ పాత నమూనాలను తామే చేయించడం మొదలుపెట్టారు. ఎగుమతి కోసం స్క్వైర్ పేరుతో చేసిన తొలి గిటార్ల మీద ఫెండర్ పేరు పెద్దగా, స్క్వైర్ సిరీస్ అన్నది ఒక మూలన చిన్నగా ఉండేవి. కొద్ది నెలల్లోనే అది తలకిందులై, స్క్వైర్ పెద్దదై, బై ఫెండర్ చిన్నదైంది. అంతకుముందు స్క్వైర్ అన్నది 1965లో ఫెండర్ కొన్న ఒక తీగల కంపెనీ పేరు మాత్రమే. ఒక లోగోలో ఏ పేరు పెద్దదిగా ఉండాలన్న ప్రశ్న వెనుక ఎంత వ్యాపారం ఉందో చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఈలోగా టోకై వారు 1983లో అల్యూమినియం ఒళ్లుగల టాల్బో గిటారు తెచ్చారు. అది ఎవరికీ నకలు కాదు.

ఇప్పుడు కొనాలనుకునేవారికి ఒక ముఖ్యమైన జాగ్రత్త. టోకై డికాల్‌ను తొలగించి ఫెండర్ డికాల్ అంటించి అమ్మిన గిటార్లు బజారులో తిరుగుతూనే ఉన్నాయి. లోహపు పలక మీద సంఖ్యను చూడండి, పిడి చివరను వెలుతురుకు వాలుగా పట్టి పాత అక్షరాల నీడ కనిపిస్తుందేమో చూడండి. అలా పేరు మార్చిన గిటారు ఎంత బాగా పలికినా నేను కొనను, ఆ చిన్న వాక్యాన్ని చెరిపినవారు దానిలోని అత్యంత విలువైన ముక్కను చెరిపారు. 62,000 యెన్లకు కొన్న నా ఎస్‌టీ-60ని మాత్రం అమ్మే ఆలోచన లేదు. ఈ మధ్యనే తీగలు మార్చి, మెత్తని పొడి గుడ్డతో అక్షరాల చుట్టూ తుడిచి, భూతద్దంతో చూశాను. గుడ్ అనే మాట ఇంకా స్పష్టంగా ఉంది.