రేటింగ్ పడిపోయింది: పాత లిస్టింగే బాగుచేయాలా, కొత్తది పెట్టాలా?

నేను మంగళగిరి కాటన్ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతా. ఒక చీర లిస్టింగ్‌కి, అంటే దాన్ని అమ్మకానికి పెట్టిన పేజీకి, 40 రేటింగులొచ్చాయి, సగటు 5కి 3.2. "ఫొటోలో వంగపండు రంగు, ఇంటికొచ్చింది మెరూన్" అని ఒకటే గోల. ఫొటో ట్యూబ్‌లైట్ కింద తీశాం, చీరని గుమ్మం దగ్గర ఎండ వెలుతుర్లో పట్టుకుని చూస్తే వాళ్లు చెప్పిందే నిజం.

ఖర్చు
పాతది: మళ్లీ ఫొటోలు, అంతే.
కొత్తది: ఫొటోలతో పాటు యాడ్స్‌కి డబ్బులు, ఎందుకంటే సున్నా రివ్యూలున్న చీరని ఎవరూ నమ్మరు.

శ్రమ
పాతది: ఓపిక కావాలి. సాదా సగటు లెక్కన 3.2 నుంచి 4కి రావాలంటే వరసగా 32 మంది 5 స్టార్లు ఇవ్వాలి, మధ్యలో ఒక్కళ్లు 1 ఇచ్చినా ఇంకో ముగ్గురు 5 ఇస్తేగానీ అది పూడదు.
కొత్తది: పెట్టడం గంట పని.

రిస్క్
పాతది: ఈలోపు ఆర్డర్లు తగ్గుతాయి.
కొత్తది: అదే చీరకి రెండో పేజీ పెడితే అమెజాన్‌లో డూప్లికేట్ పేజీ కింద లెక్క, తీసేస్తారు, అకౌంట్ మీదకీ రావచ్చు. పాత మంచి రివ్యూలూ పోతాయి, నాకైతే అదే ఎక్కువ బాధ.

తప్పు ఫొటోలోనో, కొలతల్లోనో, ప్యాకింగ్‌లోనో ఉంటే పాతదే బాగుచేయండి. నూలు మారి, నేత మారి నిజంగానే వేరే చీర అయితే కొత్తది పెట్టండి. చుట్టాలతో 5 స్టార్లు వేయించడం మాత్రం రెండిట్లోనూ వద్దండీ, అది కొనేవాళ్లని మోసం చేయడమే.