అప్‌పార్క్ భవంతి: కాలిపోయి మళ్లీ లేచిన ఇల్లు ఎలా ఉంది?

ఇంగ్లండ్‌లో వెస్ట్ ససెక్స్ గుట్టల మీద 1690 ప్రాంతంలో కట్టిన ఇల్లు ఇది. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఎర్ర ఇటుక గోడలు, వాటికి లేతరంగు రాతి అంచులు. ముందుగా దక్షిణం వైపుకు వెళ్లి నిలబడండి. తొమ్మిది కిటికీల వరుస, నడుమ పెడిమెంట్ అనే త్రికోణపు నెత్తిభాగం, పైన ఏటవాలు కప్పు: ఈ ఇంటి పొందికంతా అక్కడే తెలుస్తుంది.

1810ల్లో తోటల రూపశిల్పి హంఫ్రీ రెప్టన్ ప్రధాన ద్వారాన్ని ఉత్తరానికి మార్చి, స్తంభాల పోర్టికో కట్టించాడు. బండి దిగి వచ్చేవాళ్లకు అది సౌకర్యమే. అయితే అటు నుంచి వస్తే పొడుగాటి నడవా దాటితే గానీ అసలు గదులు అందవు. మార్పులన్నింటిలో నాకు నచ్చనిది ఇదొక్కటే.

ఇక ఇక్కడికి రావలసిన అసలు కారణం. 1989 ఆగస్టు 30న పైకప్పు సీసం రేకుల మరమ్మతు పూర్తి కావస్తుండగా, మంటతో అతుకులు వేసే పనిలో నిప్పు అంటుకుంది. సీసం కరగాలంటే 327 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి తగిలితే రేకు కింది ఎండు కలప పైకి కనబడకుండానే రాజుకుంటుంది. పొగ బయటికి వచ్చేసరికి కప్పు కింది ఖాళీలో మంట పాకిపోయి ఉంటుంది. పాత ఇంటికి సీసం పని చేయించేవాళ్లు వీలైనంతవరకు రేకును మంట లేకుండా సుత్తితో వంచి మడతలు వేయించాలి, అతుకు తప్పనిసరైతే కిందనే వేయించి పైకి ఎక్కించాలి. ఇక్కడ కప్పూ పై అంతస్తూ కూలి కింది అంతస్తు మీద పడ్డాయి. గోడలు నిలిచాయి. కింది గదుల సామాన్లలో చాలా భాగం మనుషులు వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ బయటికి చేర్చారు.

1995లో మళ్లీ తెరిచారు. ఇంటిని ‘మంటకు ముందు రోజు’ ఉన్న స్థితికి తేవాలన్నది నియమం, అందుకే కొత్త పనిని తళతళలాడించకుండా మిగిలిన పాత రంగుకు జోడీ చేశారు. సలూన్‌లో, అంటే అతిథులను కూర్చోబెట్టే పెద్ద గదిలో, కిటికీ పక్కన నిలబడి, పక్కవాటు వెలుతురులో పైకప్పు గార పని చూడండి. అచ్చు పోసిన పనిలో ప్రతి ఆకూ ఒకేలా ఉంటుంది. ఇక్కడ ఏ రెండు ఆకులూ ఒకేలా ఉండవు, అంచుల కింద పనిముట్టు గీతలు కూడా దొరుకుతాయి. తడి గార మీద చేత్తో మలిచే ఆ విద్య దాదాపు మరుగున పడితే, కూలిన ముక్కలను చూసి మళ్లీ నేర్చుకుని చేశారు. టికెట్టు డబ్బులు ఈ ఒక్క పైకప్పుకే చెల్లిపోతాయి.

పాతదేదో కొత్తదేదో కంటికి దొరకకపోవడం పనితనమే. అయినా అగ్గి ఎంతవరకు వచ్చిందో తెలిపే గుర్తు ఒక్కో గదిలో ఒకటి ఉంటే చదువుకునేవాళ్లకు మేలు.

నేలమాళిగనూ, వంటిల్లూ గుర్రపుశాలా ఉన్న విడి కట్టడాలకు నేల కింద నుంచి వెళ్లే సొరంగాలనూ వదలకండి. ఈ ఇల్లు ఎలా నడిచిందో అక్కడే అర్థమవుతుంది.