కడుపులో మనిషి ఎప్పటి నుంచి? ఏ లెక్క నిలుస్తుంది?

కడుపులోని బిడ్డను ఎప్పటి నుంచి మనిషి అనాలన్న వాదనల్లో సగం తగాదా వారాల లెక్కతోనే వస్తుంది. డాక్టరు చీటీలో రాసే వారాలు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. ఫలదీకరణ జరిగేది ఆ తర్వాత సుమారు 2 వారాలకు. చీటీలో 6 వారాలని ఉంటే పిండం వయసు 4 వారాలే. కింద వారాలన్నచోటల్లా చీటీ లెక్కే, రోజులన్నచోట ఫలదీకరణ నుంచి లెక్క.

ఇంకోమాట. అండానికీ వీర్యకణానికీ కలవకముందే ప్రాణముంది. అసలు తేలాల్సింది దాన్ని ఎప్పటి నుంచి ఒక మనిషి అనాలన్నదే.

ఫలదీకరణే మొదలు అనేవాళ్ల వాదన గట్టిది. కొత్త జన్యు కలయిక అప్పుడే ఏర్పడుతుంది, ఆ తర్వాత పురుడు దాకా ఎక్కడా తెగిన గీత కనిపించదు. కాథలిక్ చర్చి మాట ఇదే. శుక్రశోణితాలు కలిసేటప్పుడే జీవుడూ చేరతాడని చరక సంహిత. దీనికి ముత్యాల గర్భాన్ని అడ్డు చూపుతారు. పూర్తి ముత్యాల గర్భంలో తల్లి క్రోమోజోములుండవు, తండ్రివే రెట్టింపవుతాయి, ద్రాక్షగుత్తుల్లాంటి తిత్తులే తప్ప పిండం ఉండదు. అది సరైన ఫలదీకరణే కాదని ఫలదీకరణ పక్షం వాళ్లంటారు, న్యాయమే. కవలల చిక్కు మాత్రం అలా తోసెయ్యడానికి లేదు. దాదాపు 14వ రోజు దాకా ఒకే పిండం రెండుగా చీలవచ్చు. మరీ ఆలస్యంగా చీలితే అతుక్కున్న కవలలవుతారు. ఇద్దరు కాగలిగినదాన్ని ‘ఒక మనిషి’ అని ఎలా అంటాం? బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన వార్నాక్ కమిటీ 1984లో పిండంపై పరిశోధనకు 14 రోజుల గడువు సూచించింది. మన వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల్లోనూ గీత అక్కడే.

గర్భసంచి గోడకు అంటుకోవడాన్ని మొదలనేవాళ్లూ ఉన్నారు. గర్భం మొదలయ్యేది అప్పుడంటే ఒప్పుకోవచ్చు, మనిషి సంగతి దాంతో తేలదు.

గుండె చప్పుడు వినగానే ఇంటిల్లిపాదికీ నమ్మకం కలుగుతుంది. అయితే 6 వారాల స్కాన్‌లో కొట్టుకునేది ఇంకా గదులు విడని గొట్టం. స్పీకరులో వినిపించేది ఆ గొట్టం కదలికను యంత్రం శబ్దంగా మార్చి ఇచ్చేది.

కదలిక తెలియడం తొలిచూలులో 18–20 వారాలకు, మలిచూలులో ఇంకొంచెం ముందుగా. మాయ ముందుగోడకు ఉంటే ఆలస్యమవుతుంది. తల్లికి తెలిసే గుర్తు తప్ప బిడ్డలో ఆ రోజు కొత్తగా మారేదేమీ లేదు. అయినా 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ దీన్నే పట్టుకుంది: చట్టవిరుద్ధ గర్భస్రావానికి 3 ఏళ్ల దాకా, కదలిక వచ్చాకైతే 7 ఏళ్ల దాకా శిక్ష. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లోనూ అంతే.

బయట బతకగలగడం, అంటే 24 వారాల చుట్టుపక్కల, చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది. 2021 సవరణ తర్వాత మన గర్భవిచ్ఛిత్తి చట్టంలోనూ కొన్ని వర్గాల స్త్రీలకు పైగడువు 24 వారాలే. కానీ 24 వారాల బిడ్డ సుమారు 600 గ్రాములుంటుంది, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం అప్పుడప్పుడే ఊరుతుంటుంది. సర్ఫాక్టెంట్ మందు, వెంటిలేటరు ఉన్న హైదరాబాదు ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూ) ఆశ పెట్టుకోవచ్చు. అదే బిడ్డ ఏజెన్సీ గూడెంలో పుడితే? మనిషి అవునో కాదో అంబులెన్సు దూరాన్ని బట్టి మారకూడదు. ఈ గీతకు ఇదే పెద్ద లోపం.

నా మొగ్గు మెదడు వైపు. మెదడు లోపలి థాలమస్ నుంచి బయల్దేరిన నరాల తీగలు కార్టెక్స్‌ను, అంటే మెదడు పైపొరను, చేరేది సుమారు 24 వారాలకు. అంతకు ముందు తాకితే చెయ్యి వెనక్కి లాగడం వెన్నుపాము చేసే పని. మనిషి పోయాడనడానికి మనం చూసేదీ మెదడునే. 1994 అవయవ మార్పిడి చట్టం బ్రెయిన్ స్టెమ్ (మెదడు కాండం) మరణాన్ని మరణంగా ఒప్పుకుంది. గుండె కొట్టుకుంటూ ఉండగానే అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద అవయవాలు తీస్తున్నాం. చివర్లో తీర్పు చెప్పని గుండె మొదట్లో ఎందుకు చెప్పాలి? ఈ పోలికా పూర్తిగా అతకదు. బ్రెయిన్ స్టెమ్ కార్టెక్స్ కంటే చాలా ముందే పని మొదలుపెడుతుంది. పైగా మరణంలో పోయింది తిరిగిరాదు, కడుపులోని బిడ్డకైతే అది రాబోతోంది. ఫలదీకరణ పక్షం ఎత్తే ఈ అభ్యంతరం తేలికైనది కాదు.

జీవుడి ప్రవేశానికి గర్భోపనిషత్తు ఏడో నెల చెబుతుంది, ఇస్లాంలో ఎక్కువగా వినిపించే లెక్క 120 రోజులు. విశ్వాసం ఉన్నవారికి అవి చాలు.

పుట్టుకే మొదలనే లెక్క ఆస్తి తగాదాల్లో పనికొస్తుంది. హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం తండ్రి వీలునామా లేకుండా పోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డ తర్వాత ప్రాణంతో పుడితే, ఆనాటికే పుట్టి ఉన్నట్టు లెక్కగట్టి వాటా ఇస్తారు. చచ్చి పుడితే వాటా లేదు.