సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ: తిట్లన్నీ దీనికే, తప్పులన్నీ దీనివి కావు

18.04, ఆ తర్వాత వచ్చిన ఏ ఉబుంటు లినక్స్‌లోనైనా, పేర్ల గురించి ఏ సర్వర్‌ను అడగాలో చెప్పే /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ ఫైల్ తెరిస్తే నేమ్‌సర్వర్ దగ్గర 127.0.0.53 కనిపిస్తుంది. ఫెడోరాలో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచీ ఇదే తీరు. ఆ అడ్రస్ వెనక కూర్చున్నది సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ, అంటే సైట్ల పేర్లకు ఐపీ అడ్రస్‌లు (డీఎన్ఎస్ ద్వారా) వెతికిపెట్టే సర్వీసు. ఏదైనా పేరు రిజాల్వ్ కాకపోతే ముందు దీన్ని తిడతారు, తర్వాత రీస్టార్ట్ చేస్తారు, చివరికి పీకేస్తారు. చాలాసార్లు అది అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. అలాగని పూర్తిగా వెనకేసుకు రావడానికీ లేదు. దీని సొంత తప్పులు కొన్ని ఉన్నాయి, అవి చిన్నవేం కావు.

క్యాషేగా, అంటే ఒకసారి వచ్చిన జవాబులను దాచి మళ్లీ వాడుకోవడంలో, పనితనం బాగుంది. ఒక్కో నెట్‌వర్క్ లింక్‌కు విడిగా 4096 ఎంట్రీల దాకా దాచుకుంటుంది. డొమైన్ వాళ్లు టీటీఎల్ (జవాబును దాచుకోదగ్గ గడువు) ఒక రోజు పెట్టినా ఇది రెండు గంటలకు మించి ఉంచుకోదు. డీఎన్ఎస్ సర్వర్ మారితే పాత ఎంట్రీలు తనే పారేస్తుంది. చేత్తో ఖాళీ చేయాలంటే "రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్" చాలు. పాత వ్యాసాల్లో కనిపించే "సిస్టమ్‌డీ-రిజాల్వ్" కమాండ్ ఉబుంటు 22.04 నుంచి లేదు. "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తే కంగారు పడక్కర్లేదు.

లోపల ఏముందో చూడటం మాత్రం చాలాకాలం పెద్ద తలనొప్పి. సిస్టమ్‌డీ 254వ వెర్షన్‌లో "రిజాల్వ్‌సీటీఎల్ షో-క్యాషే" వచ్చాక ఆ బాధ తీరింది. ఉబుంటు 24.04లో అది ఉంది, 22.04లో లేదు. అక్కడ "సిస్టమ్‌సీటీఎల్ కిల్ -ఎస్ యూఎస్ఆర్1 సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ" కొడితే క్యాషే మొత్తం జర్నల్‌లో (సిస్టమ్ లాగ్‌లో) పడుతుంది. దాన్ని జర్నల్‌సీటీఎల్‌తో చదువుకోవాలి. మొరటు పద్ధతే, కానీ పని జరుగుతుంది.

దీన్ని తప్పుపట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పరీక్షిస్తున్నది దేనితో? "డిగ్‌లో వస్తోంది, అప్లికేషన్‌లో రావట్లేదు" అనే ఫిర్యాదు ఎక్కడ చూసినా ఉంటుంది. డిగ్ అనేది డీఎన్ఎస్‌ను అడిగి చూసే కమాండ్. అది నేరుగా రిజాల్వ్.కాన్ఫ్ చదివి ప్యాకెట్ పంపుతుంది. /ఈటీసీ/హోస్ట్స్ (పేర్లు, ఐపీలు చేత్తో రాసుకునే ఫైల్) ముఖం తను చూడదు, పేర్లను ఎక్కడెక్కడ ఏ క్రమంలో వెతకాలో చెప్పే ఎన్ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఊసే పట్టదు. అయితే అది అడిగేది 127.0.0.53ను అయితే, రిజాల్వ్‌డీ మామూలుగా హోస్ట్స్ ఫైల్ కూడా చూసే జవాబిస్తుంది. మామూలు అప్లికేషన్లు వెళ్లేది గ్లిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రామ్‌లు వాడే మూల లైబ్రరీ) దారిలో, అంటే ఎన్ఎస్‌స్విచ్‌లో "హోస్ట్స్" వరుస చెప్పిన క్రమంలో. కాబట్టి "గెటెంట్ ఏహోస్ట్స్" పక్కన పేరు పెట్టి చూడండి. అది తప్పు చెప్పి డిగ్ సరిగ్గా చెబితే, ముందు చూడాల్సింది ఎన్ఎస్‌స్విచ్‌లోని ఆ వరుసనే. రెండూ తప్పే చెబితే హోస్ట్స్ ఫైల్‌లో ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన వరుస ఉందేమో చూసి, తర్వాత "రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ" వాడాలి. జవాబు క్యాషే నుంచి వచ్చిందా, నెట్‌వర్క్ నుంచా అన్నది కొత్త వెర్షన్లు చివరి వరుసలో రాస్తాయి. అదే కమాండ్‌కు "--క్యాషే=నో" తగిలిస్తే క్యాషేను పక్కనబెట్టి అడుగుతుంది. ఈ రెండు జవాబులూ ఒకటే అయితే ఫ్లష్ చేసి ప్రయోజనం లేదు, పాత జవాబు పైనుంచే, అంటే మన మెషీన్ అడిగే డీఎన్ఎస్ సర్వర్ నుంచే వస్తోంది.

పైనుంచి రావడంలో ఎక్కువమందిని ముంచేది "లేదు" అన్న జవాబు. రికార్డు ఇంకా పెట్టకముందే ఆత్రంగా "వచ్చిందా" అని పింగ్ చేస్తారు. ఎన్ఎక్స్‌డొమైన్ (ఆ పేరే లేదన్న జవాబు) వస్తుంది, అదీ క్యాషే అవుతుంది. ఎంతసేపు? ఆ జోన్‌కు (డొమైన్ రికార్డుల గుంపుకు) తల లాంటి ఎస్‌ఓఏ రికార్డు టీటీఎల్, ఆ రికార్డులోని చివరి అంకె, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతసేపు. అమెజాన్ డీఎన్ఎస్ సేవ రూట్ 53 మామూలుగా ఇచ్చే ఎస్‌ఓఏలో టీటీఎల్ 900, చివరి అంకె 86400. అంటే తొందరపడిన ఒక్క పింగ్‌కు 15 నిమిషాల శిక్ష. రిజాల్వ్‌డీలో "క్యాషే=నో-నెగటివ్" పెడితే మన మెషీన్ ఆ "లేదు"ను దాచుకోదు. కానీ ఐఎస్‌పీ రిజాల్వర్ దాచుకునే ఉంటుంది. గూగుల్ 8.8.8.8కూ క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1కూ క్యాషే తుడిపించే వెబ్ పేజీలు ఉన్నాయి. మిగతా వాళ్ల దగ్గర కూర్చుని కాలం వెళ్లదీయాల్సిందే. కొత్త రికార్డును ఎప్పుడూ ఆ జోన్ సొంత నేమ్‌సర్వర్‌నే నేరుగా అడిగి చూసుకోవాలి: డిగ్, ఆ తర్వాత @ గుర్తుతో ఆ సర్వర్ పేరు. అక్కడ కనిపించాకే మామూలు దారిలో అడగాలి.

ఇక తిలా పాపం తలా పిడికెడు. ఫైర్‌ఫాక్స్ తన సొంత క్యాషేలో ఒక నిమిషం ఉంచుకుంటుంది. అందులో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజరే వెబ్ దారిలో డీఎన్ఎస్‌ను అడగడం) ఆన్ అయి ఉంటే మామూలుగా రిజాల్వ్‌డీ గడప కూడా తొక్కదు. జావా మామూలుగా 30 సెకన్లు దాచుకుంటుంది. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ పాస్‌కు (వచ్చినదాన్ని మరో సర్వర్‌కు పంపే సెట్టింగ్‌కు) నేరుగా పేరు రాస్తే స్టార్ట్ అయినప్పుడు ఒక్కసారే అడుగుతుంది, రీలోడ్ చేసేదాకా పాత ఐపీనే పట్టుకు వేలాడుతుంది. వీటిలో దేన్నీ ఫ్లష్-క్యాషెస్ కదిలించలేదు.

దీని సొంత తప్పుల్లో పెద్దది సర్వర్ల విషయంలో. గ్లిబ్‌సీ ప్రతి ప్రశ్నకూ జాబితాలో మొదటి సర్వర్ దగ్గరే మొదలెడుతుంది. అది చచ్చి ఉంటే 5 సెకన్లు ఆగి రెండోదాని దగ్గరికి వెళుతుంది. రిజాల్వ్‌డీ అలా కాదు. మొదటిది ఒకసారి తడబడితే రెండోదానికి మారి అక్కడే స్థిరపడుతుంది. అది కూడా మొరాయించేదాకా వెనక్కి చూడదు. జాబితాలో ఉన్నవన్నీ ఒకే జవాబు చెబుతాయని దాని నమ్మకం. ఆఫీసు సర్వర్ మొదట, "ఎందుకైనా మంచిది" అని 8.8.8.8 రెండోది పెట్టినవాళ్లకు ఇక్కడే బొప్పి కడుతుంది: ఆఫీసు సర్వర్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినా, ఆ తర్వాత లోపలి పేర్లన్నీ "లేవు". "రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్"లో కరెంట్ డీఎన్ఎస్ సర్వర్ అన్న వరుస చూస్తే దొంగ దొరుకుతాడు.

విరుగుడు ఏమిటంటే రెండింటినీ ఒకే జాబితాలో కలపకపోవడం. వీపీఎన్ లింక్‌కు ఆఫీసు సర్వర్ మాత్రమే ఇచ్చి, "రిజాల్వ్‌సీటీఎల్ డొమైన్" తర్వాత లింక్ పేరు, ఆ వెనక ఆఫీసు డొమైన్‌ను ముందు టిల్డా (~) గుర్తుతో రాయాలి. ఆ డొమైన్ ప్రశ్నలు అటు, మిగతావి ఇటు వెళతాయి. ఈ పంపకం దీనికి ఉన్న అసలైన బలం, గ్లిబ్‌సీకి సొంతంగా చేతకానిది. అయితే ఆ కమాండ్ లింక్ తెగితే పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే నెట్‌వర్క్ మేనేజర్ కనెక్షన్‌లో ఐపీవీ4.డీఎన్ఎస్-సెర్చ్ దగ్గర అదే టిల్డాతో రాయాలి. ఆఫీసు డొమైన్ డాట్ లోకల్‌తో ముగిస్తే రిజాల్వ్‌డీ దాన్ని ఎండీఎన్ఎస్ (సర్వర్ లేకుండా ఇంటి నెట్‌వర్క్‌లోనే వెతికే) పేరనుకుంటుంది, అక్కడా ఆ డొమైన్‌ను టిల్డాతో చెప్పక తప్పదు. చుక్క లేని ఒంటి పేర్లనూ సెర్చ్ డొమైన్ ఇవ్వకపోతే డీఎన్ఎస్‌కు పంపదు.

ప్రకటనలను ఆపే డీఎన్ఎస్ సర్వర్లు పై-హోల్, యాడ్‌గార్డ్ హోమ్ పెట్టేవాళ్లకు డీఎన్ఎస్ వాడే 53వ పోర్టు దగ్గర గొడవ, రిజాల్వ్‌డీ అప్పటికే దాన్ని పట్టుకుని ఉంటుంది. రిజాల్వ్‌డీ.కాన్ఫ్‌లో "డీఎన్ఎస్‌స్టబ్‌లిజనర్=నో" పెట్టమని అందరూ చెబుతారు, రెండో సగం చెప్పరు. రిజాల్వ్.కాన్ఫ్ లింక్‌ను /రన్/సిస్టమ్‌డీ/రిజాల్వ్/రిజాల్వ్.కాన్ఫ్ వైపు తిప్పాలి. లేకపోతే మెషీన్ ఎవరూ లేని 127.0.0.53 తలుపే తడుతూ కూర్చుంటుంది.

ఒక చిన్న సంతోషం: తెలుగు లిపిలోని డాట్ భారత్ పేర్లను ఉబుంటులో "రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ"కి నేరుగా తెలుగులోనే ఇవ్వచ్చు, పంపాల్సిన రూపంలోకి అదే మార్చుకుంటుంది.

ల్యాప్‌టాప్‌లో రిజాల్వ్‌డీకి అయిదుకు నాలుగు మార్కులు. వైఫై, వీపీఎన్ మారుతూ ఉండే చోట దీన్ని తీసేసి చేత్తో రిజాల్వ్.కాన్ఫ్ రాసుకోవడం కష్టాన్ని కొనితెచ్చుకోవడమే. ఇంట్లో నాలుగు మెషీన్లకు కలిపి పేర్లు చెప్పాలంటే డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ సర్వర్ హాయి. మామూలుగా 150 పేర్లే దాచుకుంటుంది కాబట్టి క్యాషే-సైజ్ పెంచుకోవాలి, హెచ్‌యూపీ సిగ్నల్ ఇస్తే ఖాళీ అవుతుంది. మెయిల్ సర్వర్‌కు మాత్రం రిజాల్వ్‌డీకి రెండు మార్కులే. స్పామ్ పంపేవాళ్లను పట్టిచ్చే స్పామ్‌హాస్ లాంటి జాబితాలు పబ్లిక్ రిజాల్వర్ల నుంచి వచ్చే ప్రశ్నలకు సరైన జవాబివ్వవు, డీఎన్ఎస్ మొదలైన రూట్ సర్వర్ల నుంచి తనంతట తాను వెతుక్కోవడం రిజాల్వ్‌డీకి చేతకాదు. అక్కడ ఆ పని చేయగల అన్‌బౌండ్ పెట్టాలి. "అన్‌బౌండ్-కంట్రోల్ ఫ్లష్_జోన్"తో ఒక్క డొమైన్‌నే తుడిచేయవచ్చు, మిగతా క్యాషే చెక్కుచెదరదు. రిజాల్వ్‌డీలో ఆ వెసులుబాటు లేదు, తుడిస్తే అంతా పోతుంది.