రాయదుర్గం జీన్స్ ముక్కల బ్యాగు: కుట్టు భేష్, గుడ్డను ముందే తడిపి ఉండాల్సింది

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు గుడ్డ కోయగా మిగిలే ముక్కలు చాలావరకు జానెడుకు మించవు. వాటిని అతికి కుట్టిన భుజం బ్యాగులు అనంతపురంలో అమ్ముతున్నారు. మేం చూసింది 15 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్నది. ముందువైపు వరుసకు 5 చొప్పున 4 వరుసలు, మొత్తం 20 ముక్కలు.

లైనింగ్ కాస్త విప్పి చూస్తే చెయ్యి తిరిగినవాళ్ల పని అని తెలిసిపోతుంది. ప్రతి అతుకుకూ అర అంగుళం గుడ్డ వదిలారు. పావు అంగుళమే వదిలితే పోగులు ఊడి అతుకు నోరు తెరుస్తుంది. వదిలిన గుడ్డను రెండు పక్కలకూ విడదీసి, ఇస్త్రీ చేసి, పైకుట్టు వేశారు. ఇది చాలా తెలివైన పని. నాలుగు ముక్కలు కలిసే మూలలో అతుకులన్నీ ఒకే పక్కకు మడిస్తే 9 పొరలవుతాయి, విడదీస్తే 4 పొరలే. తొమ్మిది పొరల మీద 16 నంబరు సూది కుట్టు తప్పుతుంది, లేదా విరుగుతుంది. పట్టీలు కూడా గట్టివే, వాటి చివర్లను చతురస్రంగా కుట్టి మధ్యలో అడ్డకుట్టు వేశారు.

లోపమంతా కుట్టుకు ముందరి పనిలో ఉంది. జీన్స్‌ను ప్యాంటు కుట్టాక వాషింగ్‌కు పంపుతారు కాబట్టి కటింగ్ ముక్కలు నీళ్లు చూడనివి. గంజి, వదులు రంగు వాటిలో అలాగే ఉంటాయి. తడి తెల్లగుడ్డతో రుద్దితే నీలం దిగింది. లేతరంగు చుడీదార్ మీద వేసుకుంటే నడుము దగ్గర మరక ఖాయం. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందని నమ్మకండి, జీన్స్‌కు వేసే నీలిమందు రంగుకు అవి పనిచేయవు. బ్యాగును తిరగేసి, చన్నీళ్లలో విడిగా రెండుమూడు సార్లు ఉతికి నీడన ఆరేయాలి. అలా చేస్తే గుడ్డ కొంత కుంచించుకుపోయి లైనింగ్ వదులవుతుంది. ముక్కలుగా ఉన్నప్పుడే ఉతికి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

రెండోది, మూడో వరుసలో రెండు ముక్కలు లైక్రా (రబ్బరులా సాగే పోగు) కలిసినవి. మెషిన్ కింద అవి సాగి, వదిలాక ముడుచుకుని, అతుకు అలలు తేలింది. కుట్టేముందు ముక్కను అడ్డంగా లాగి చూస్తే చాలు, సాగేవి తెలిసిపోతాయి. వాటిని లోపలి జేబులకు వాడుకోవచ్చు.

కొనేటప్పుడు ముక్కల దిశ కూడా చూడండి. నీలం పోగు పడుగు (గుడ్డ పొడవునా ఉండే పోగు), తెల్లది పేక (అడ్డంగా ఉండే పోగు). పడుగు తక్కువ సాగుతుంది కాబట్టి, నీలం పోగులు నిలువుగా ఉన్న బ్యాగు బరువు వేసినా అంతగా సాగి కిందికి జారదు.