పవర్‌ఫుల్ టార్చికి ఏ సెల్ మేలు?

టార్చి కొనేటప్పుడు ఎన్ని ల్యూమెన్ల వెలుగని గుచ్చిగుచ్చి అడుగుతాం. లోపల వేసే రీచార్జబుల్ సెల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎన్ని ఎంఏహెచ్, అంటే ఎంత ఛార్జ్ పడుతుందని చూసి ఊరుకుంటాం. నా లెక్కలో అది రెండో ప్రశ్న. సెల్ ఆగకుండా ఎన్ని ఆంప్స్ కరెంటు ఇవ్వగలదన్నది మొదటిది. బిందె ఎంత పెద్దదైనా మూతి ఇరుకైతే నీళ్లు సన్నగానే పడతాయి.

ముందు 18650 సంగతి. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న లిథియం సెల్. శాంసంగ్‌వే రెండు పక్కపక్కన పెడదాం. 35ఈ 3,500 ఎంఏహెచ్, 8 ఆంప్స్. 30క్యూ 3,000 ఎంఏహెచ్, 15 ఆంప్స్. ఎవరైనా మొదటిదే తీసుకుంటారు. కానీ టర్బోలో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చే మోడ్‌లో, 30 వాట్లు లాగే టార్చిలో వేసి చూడండి. సెల్ 3.6 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు సుమారు 8.3 ఆంప్స్ కావాలి. ఛార్జ్ తగ్గి 3.2కి దిగాక, వెలుగు తగ్గనివ్వని సర్క్యూట్ అయితే 9.4 ఆంప్స్ దాకా లాగుతుంది. సెల్ నీరసపడే కొద్దీ దాని మీద భారం పెరుగుతుందన్నమాట. 35ఈ ఇక్కడే చేతులెత్తేస్తుంది. వోల్టేజీ పడిపోతుంది, సెల్ వేడెక్కుతుంది, లోపల ఛార్జ్ మిగిలి ఉండగానే వెలుగు తగ్గిపోతుంది. 30క్యూకి ఇదొక లెక్క కాదు.

మరి తగ్గిన 500 ఎంఏహెచ్ మాటేమిటి? రాత్రిపూట మోటారు దగ్గరికి వెళ్లడానికి 3 వాట్ల మోడ్ సరిపోతుందనుకుందాం. లెక్క ప్రకారం 35ఈ నాలుగు గంటలు దాటి వెలుగుతుంది, 30క్యూ మూడున్నర గంటలు దాటి. టర్బో జోలికి పోనివాళ్లు 35ఈ హాయిగా తీసుకోవచ్చు.

21700, అంటే 21 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు సైజులో ఈ తకరారు చాలావరకు ఉండదు. మోలిసెల్ పీ42ఏ 4,200 ఎంఏహెచ్ పట్టుకుంటుంది, 45 ఆంప్స్ ఇస్తుంది. పైన చెప్పిన రెండు 18650లనూ రెండు విషయాల్లోనూ దాటేసింది. శాంసంగ్ 50ఈ 5,000 ఎంఏహెచ్ అయినా 9.8 ఆంప్స్ దగ్గర ఆగుతుంది. బరువు మాత్రం 70 గ్రాముల దాకా ఉంటుంది, 18650 యాభైలోపే. జేబులో తేడా తెలుస్తుంది, తలకు కట్టుకునే లైటులో ఇంకా బాగా తెలుస్తుంది.

ఏఏ సైజు 2,000 ఎంఏహెచ్ నికెల్ రీచార్జబుల్ సెల్స్ నాలుగు కలిపినా 9.6 వాట్ అవర్ల శక్తే, ఒక్క 35ఈలోనే 12కి పైన. అయినా పిల్లల చేతికిచ్చే టార్చికి నేను అవే వేస్తాను. షార్ట్ అయినా లిథియంలా మంటలు చిమ్మే భయం చాలా తక్కువ.

ఇక ప్రొటెక్టెడ్ సెల్. అడుగున చిన్న సర్క్యూట్ ఉంటుంది, షార్ట్ అయితే కట్ చేస్తుంది. కొత్తవాళ్లకు ఇదే క్షేమం. కాకపోతే మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది, కొన్ని టార్చిల్లో మూత పట్టదు. టర్బో నొక్కగానే ఆ సర్క్యూటే అడ్డుపడి చీకటి చేసే రకాలూ ఉన్నాయి. అందుకే దాని ఆంప్స్ కూడా అడగాలి. మామూలు సెల్ వాడితే పై ప్లాస్టిక్ తొడుగు చిరగకుండా చూసుకోండి. సెల్ ఒళ్లంతా మైనస్సే, తల మీద బొడిపె ఒక్కటే ప్లస్. తల అంచున తొడుగు లేచిపోతే ఆ రెండింటి మధ్య సన్నటి రింగు తప్ప అడ్డేమీ ఉండదు. అలాంటిది తాళాలున్న జేబులో పడిందంటే ఇక చెప్పక్కర్లేదు.

9,900 ఎంఏహెచ్ అని రాసుకున్న 18650లు పేరు గొప్ప ఊరు దిబ్బ రకం. ఈ సైజులో మంచి కంపెనీల సెల్స్ చాలావరకు 3,500 చుట్టూనే ఉంటాయి. తక్కెడలో పెట్టి చూడండి, 40 గ్రాములు కూడా తూగకపోతే వదిలేయండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్స్ కూడా ఇలాంటి టార్చికి వద్దు. అవి ఎక్కువసేపు నిదానంగా ఇవ్వడానికి చేసినవి, పైగా ఎన్నేళ్లు వాడారో తెలియదు.

టార్చి ఇప్పటికే 18650ది అయితే 30క్యూ రకం తీసుకోండి. టార్చి కూడా కొత్తగా కొనేవాళ్లు 21700 పట్టేదే చూడండి. చాలావాటిలో ప్లాస్టిక్ గొట్టం తొడిగి 18650 కూడా వేసుకోవచ్చు. 18650 టార్చిలో మాత్రం 21700 దూరదు.